పట్టా చేతికొచ్చింది, బేరం ఒంటబట్టలేదు

శ్రీహరికోట దారిలో ఉద్యోగార్థులకూ, వారికి కొలువిచ్చే వర్తకులకూ కొన్ని లెక్కలు

(మా వాణిజ్య విలేకరి)

శ్రీహరికోట: రాకెట్టు లేచే రోజున సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా పోయే రోడ్డు పక్కన నిలబడడానికి చోటు దొరకదు. టీ కొట్లకూ, మరమరాల బండ్లకూ ఆ పూట పండగే. అలాంటి ఒక ప్రయోగం రోజున ఈ విలేకరి పక్కనే ముగ్గురు పట్టభద్రులు నిలబడి ఉన్నారు. ఇద్దరు బీకాం, ఒకరు బీటెక్. ముగ్గురూ ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నవారే. రాకెట్టు ఎన్ని దశల్లో మండుతుందో, ఏ దశలో ఏ ఇంధనం వాడతారో బీటెక్ కుర్రాడు పొల్లు పోకుండా చెప్పాడు. మంచిదే. "అయితే పైకి పోయే సరుకు ఎవరిది? దానికి బాడుగ ఎవరిస్తారు?" అని అడిగితే మాత్రం ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అది గవర్నమెంటుది కదన్నా, బాడుగ ఏంది?" అన్నాడు వారిలో ఒకడు.

ఈ పేజీ చదివే వర్తకులు, దళార్లు అడిగే మొట్టమొదటి ప్రశ్న అదే అయి ఉండేది. సరుకు ఎవరిది, బాడుగ ఎంత, డబ్బు ఎప్పుడు చేతికి వస్తుంది అన్న మూడు ముక్కలు తేలకుండా ఏ అంగట్లోనూ మూట కదలదు. మూడేళ్లు వాణిజ్య శాస్త్రం చదివిన కుర్రవాళ్లకు ఆ మూడు ముక్కలు ఎందుకు తట్టలేదన్నదే ఈ వ్యాసానికి విషయం. తప్పు వారిది మాత్రమే కాదని, మన అంగళ్లకూ అందులో వాటా ఉందని చివరకు తేలుతుంది.

రాకెట్టూ లారీయే

శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న ఆర్‌హెచ్-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్టుతో మొదలైన పని, 2025 జనవరి 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15తో నూరవ ప్రయోగానికి చేరింది. 1979 ఆగస్టులో మొదటి ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో పడింది. 1980 జులై 18న రెండవది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈ చరిత్ర సూళ్లూరుపేటలో ఏ విద్యార్థిని లేపినా చెబుతాడు. ఆ చరిత్ర పక్కనే నడిచే పద్దుల పుస్తకాన్ని మాత్రం ఎవరూ తెరిచి చూపరు.

విదేశీ ఖాతాదారులతో బేరసారాలు సాగించడానికి అంతరిక్ష శాఖ 1992లో ఆంత్రిక్స్ అనే కంపెనీని పెట్టింది. 2019లో న్యూస్పేస్ ఇండియా అనే మరో కంపెనీ వచ్చింది. ఉపగ్రహం గలవాడు సరుకుదారు, రాకెట్టు గలవాడు రవాణాదారు. మధ్యన ఒప్పందం, బయానా, బీమా, గడువు అన్నీ ఉంటాయి. 2017 ఫిబ్రవరి 15న పీఎస్‌ఎల్‌వీ-సీ37 ఒక్క విడతలో 104 ఉపగ్రహాలను తీసుకుపోయింది. మొత్తం బరువు 1,378 కిలోలు. అందులో 714 కిలోలు మన కార్టోశాట్‌ది. మిగిలినవి చిన్నా చితకా పార్సిళ్లు, వాటిలో 101 విదేశాలవి. పెద్ద సరుకు ఎక్కించుకున్న లారీ ఖాళీ జాగాలో పదిమంది వర్తకుల మూటలు వేసుకుని బాడుగ రాబట్టుకోవడం మన ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకు కొత్త కాదు. ఆకాశంలోనూ జరిగింది అదే.

మరొక ఉదాహరణ ఇంకా చక్కనిది. లండన్ కేంద్రంగా ఉన్న వన్‌వెబ్ సంస్థ తన ఉపగ్రహాలను రష్యా రాకెట్లలో పంపుకుంటూ ఉండేది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం రావడంతో ఆ ఏర్పాటు చెడింది. ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న 36 ఉపగ్రహాలు బైకనూర్‌లోనే చిక్కుకుపోయాయి. సరుకు గోడౌనులో ఇరుక్కుంది, లారీ రాదు, ఖాతాదారు ఒత్తిడి చేస్తున్నాడు. అలాంటి వర్తకుడు ఏం చేస్తాడు? రెండో ట్రాన్స్‌పోర్టు వాడి గడప తొక్కుతాడు. వన్‌వెబ్ అమెరికా కంపెనీ ఒకదానితోనూ, మన న్యూస్పేస్‌తోనూ మాట్లాడుకుంది. 2022 అక్టోబరు 23న, 2023 మార్చి 26న రెండు విడతల్లో 72 ఉపగ్రహాలు శ్రీహరికోట నుంచి పోయాయి. బాడుగ వెయ్యి కోట్ల రూపాయలకు పైమాటేనని అప్పట్లో చెప్పారు. ఒకరి దారి మూసుకుపోతే మరొకరి అంగడికి గిరాకీ వస్తుందన్న పాత పాఠం ఇది. రోడ్డు పక్కన చప్పట్లు కొట్టిన కుర్రాళ్లలో ఎంతమందికి ఈ కథ తెలుసో పాఠకులే ఊహించుకోవచ్చు.

చోటు విలువ

అంగడికి చోటు ముఖ్యమని మనవాళ్లు అంటారు. శ్రీహరికోటను 1969లో ఎంచుకోవడంలో ఉన్నదీ చోటు లెక్కే. తూర్పున సముద్రం ఉంది గనుక కాలిన దశలు జనం మీద పడవు. భూమధ్యరేఖకు దగ్గర గనుక తూర్పు దిక్కుగా వదిలిన రాకెట్టుకు భూభ్రమణం వల్ల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ఉచితంగా కలిసి వస్తుంది. ఆ మేరకు ఇంధనం మిగులు, సరుకు ఎక్కువ ఎక్కుతుంది.

ఇదే చోటుకు ఒక లోపమూ ఉంది. ధ్రువ కక్ష్యకు పోయే రాకెట్టు దక్షిణంగా పోవాలి. దారిలో శ్రీలంక అడ్డు. అందువల్ల అది చుట్టు తిరిగి పోతుంది. చుట్టు దారి అంటే అదనపు ఇంధనం, తగ్గిన సరుకు. చిన్న రాకెట్టుకు ఆ నష్టం భరించరానిది. అందుకే తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేశారు. చుట్టు రోడ్డు తప్పించుకోవడానికి మిల్లుకు ఇంకో దిక్కున గేటు పెట్టుకోవడం వంటిది ఇది. ఇటు శ్రీహరికోటలోనూ మూడవ ప్రయోగ వేదికకు 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 3,984.86 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సిమెంటు, ఇనుము, రవాణా, కూలీల భోజనం దాకా ఆ సొమ్ములో వాటా ఎవరెవరికి చేరుతుందో లెక్క వేసుకోవడం వర్తకుని పని. ఆ వర్తకుల దగ్గర ఏ కొలువు ఖాళీ వస్తుందో లెక్క వేసుకోవడం ఉద్యోగార్థి పని. మన పిల్లలు కేంద్రం గేటు లోపల ఉన్న కొద్ది ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి పరీక్షలు రాస్తారు గాని, గేటు బయట పుట్టే పనిని చూడరు.

రాకెట్లు రాకముందు ఈ దీవి బేరం కట్టెలది. శ్రీహరికోట అడవి కట్టెలు పడవల మీద మద్రాసు పొయ్యిలకు పోయేవి. అవి పోయిన దారి బకింగ్‌హామ్ కాలువ. 1806లో మొదలై, 1876-78 కరువు నాటి పనులతో పొడవు పెరిగి, అప్పటి గవర్నరు పేరు పెట్టుకున్న కాలువ అది. రైలు వచ్చి, లారీ వచ్చి, ఇంటింటా గ్యాసు పొయ్యి వచ్చి కాలువకూ, కట్టెకూ గిరాకీ పోయింది. ఒక సరుకు ఎందుకు లేచిందో, ఎందుకు పడిపోయిందో తెలుసుకోవడానికి ఈ దీవి వాసులు వేరే పుస్తకం వెతుక్కోనక్కరలేదు.

తరుగు, తరుగుదల

ఇంత చెబుతున్న ఈ విలేకరి కూడా ఆ ముగ్గురి వంటివాడే. పదిహేనేళ్ల కిందట బీకాం పట్టా పుచ్చుకుని, చెన్నైలో ఆహార పదార్థాల కంపెనీ ఒకదానికి ఇంటర్వ్యూకు పోయాడు. చిట్టా, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ అన్నీ కంఠతా వచ్చు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి దరఖాస్తులో ఊరి పేరు చూసి, "మీ వైపు బియ్యం మిల్లులు బాగా ఉన్నాయి కదా, తవుడు ఎవరు కొంటారు?" అని అడిగాడు. సమాధానం తెలియలేదు. తెలిసినదేదో చెబుదామని హెన్రీ ఫేయోల్ గారి 14 నిర్వహణ సూత్రాలు మొదలుపెట్టాడు. మూడో సూత్రం దగ్గర ఆ పెద్దమనిషి చేయి అడ్డం పెట్టి, "చాలు, బస్సు చార్జీలు బయట ఇస్తారు, తీసుకో" అన్నాడు. పుట్టి పెరిగిన వీధిలో మూడు మిల్లులున్నాయి. రోజూ తవుడు లారీలు ఇంటి ముందు నుంచే పోయేవి. ఎక్కడికి పోతున్నాయని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ సిగ్గుతోనే ఊరికి వచ్చి, దూరపు బంధువైన మిల్లు పెద్దాయన దగ్గర జీతం లేకుండా మూడు నెలలు కూర్చున్నాడు. మొదటి రోజు పెద్దాయన, "అబ్బాయ్, ఈ లోడుకు తరుగు ఎంత పెట్టొచ్చు?" అని అడిగాడు. "ఏడాదికి పది శాతం, స్థిర వాయిదా పద్ధతిలో" అని జవాబు చెప్పాడు ఈ విలేకరి. కాటా దగ్గర హమాలీలు కూడా నవ్వారు. కాలేజీలో చదివింది యంత్రాల తరుగుదల. ఆయన అడిగింది వడ్లలో తేమ వల్ల, తాలు వల్ల పోయే తరుగు. మాట ఒకటే, రెంటికీ మధ్య మూడేళ్ల చదువంత దూరం.

పుట్టి వడ్ల లెక్క

పెద్దాయన నేర్పిన లెక్కను నేటి అంకెలతో ఇక్కడ పెడుతున్నాం. మన పాఠకులకు ఇది కొత్త కాదు. ఇంట్లో ఉద్యోగానికి తిరిగే పిల్లవాడు ఉంటే అతనికి చూపవచ్చు.

నెల్లూరు వైపు పుట్టి అంటే 850 కిలోలు. 2025-26 సీజనుకు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. ఆ ప్రకారం పుట్టి ధర 20,136 రూపాయల 50 పైసలు. క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం వంతున పుట్టికి 569 కిలోల పైచిలుకు వస్తాయి. వడ్ల ఖరీదును బియ్యం బరువుతో భాగిస్తే కిలో 35 రూపాయల 36 పైసలు పడుతుంది. ఇంకా మర కూలి, కరెంటు, గోనె, హమాలీ, వడ్డీ కలపనేలేదు. బీకాం కుర్రాడు ఇక్కడికి వచ్చి, "అయితే 35కు అమ్మితే నష్టమే కదా, మిల్లు ఎలా నడుస్తోంది?" అంటాడు. ఆ ప్రశ్న వేశాడంటే దారిలో పడ్డట్టే.

మిల్లు బతికేది బియ్యం మీద మాత్రమే కాదు. పుట్టికి ఎనిమిది శాతం లెక్కన 68 కిలోల తవుడు, సుమారు 180 కిలోల ఊక వస్తాయి. లెక్క కోసం తవుడు కిలో 20, ఊక కిలో 3 అనుకుంటే ఒకటి 1,360, మరొకటి 540, వెరసి 1,900 రూపాయలు. అది తీసేస్తే బియ్యం ఖరీదు కిలో 32 రూపాయలకు దిగుతుంది. తవుడు సాల్వెంట్ నూనె మిల్లులకు పోతుంది. నూనె తీసిన తవుడు చేపల చెరువులకూ, పశువుల దాణాకూ పోతుంది. ఊక బాయిలర్లకూ, ఇటుక బట్టీలకూ పోతుంది. చెన్నై పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదీ.

ఇక తేమ. 20 శాతం తేమ ఉన్న పుట్టి వడ్లను 14 శాతానికి ఆరబెడితే 791 కిలోలే మిగులుతాయి. 59 కిలోలు గాలిలో కలిసిపోతాయి. మద్దతు ధర లెక్కన అది 1,400 రూపాయలు. ప్రభుత్వ కొనుగోలులో తేమ 17 శాతం మించరాదన్న నిబంధన వెనుక ఉన్న అర్థం ఇదే. చేత్తో వడ్లు పట్టుకుని, పంటి కింద వేసి తేమ చెప్పే పెద్దలు మన మండీల్లో ఇంకా ఉన్నారు. వారి పంటి కింద ఉన్న 1,400 రూపాయలను ఏ పాఠ్యపుస్తకమూ రాయలేదు.

ఢిల్లీ కాగితం, పేట మిల్లు

రెండో పాఠం, సరుకు ధర ఊళ్లోనే తేలదన్నది. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. 2024 సెప్టెంబరు 28న టన్నుకు 490 డాలర్ల కనీస ధర షరతుతో ఎత్తివేసింది. అక్టోబరు 23న ఆ షరతు కూడా తీసేసింది. ఈ మూడు తేదీల నడుమ కొన్నవారెవరు, నిల్వ ఉంచిందెవరు, చేతులు కాల్చుకున్నదెవరు అన్నది సూళ్లూరుపేట, నాయుడుపేట మిల్లర్లకు బాగా తెలుసు. ఎగుమతి సంస్థలో ఉద్యోగానికి పోయే పట్టభద్రుడు కనీసం ఆ మూడు తేదీలు తెలుసుకుని, "మీ సంస్థ ఆ 14 నెలలు ఎలా గడిపింది?" అని అడగగలిగితే, ఎదుటివాడు కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటాడు.

మామిడి సంగతి అంతే. చిత్తూరు వైపు తోతాపురి గుజ్జు విదేశాలకు పోతుంది. 2025లో ఫ్యాక్టరీల దగ్గర పాత గుజ్జు నిల్వలు ఉండిపోయాయి, కాపు మాత్రం బాగా వచ్చింది. ధర పడిపోవడంతో రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు నిర్ణయించి, 8 రూపాయలు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇచ్చేటట్టు ఏర్పాటు చేసింది. కాయ బాగా కాస్తే రైతుకు ఎందుకు కష్టమొచ్చిందో చెప్పగలవాడికి గిరాకీ, సరఫరా పాఠం వచ్చినట్టే.

తడకు ఆవల శ్రీసిటీలో చాక్లెట్ ఫ్యాక్టరీ ఉంది, ఏసీలు చేసే ఫ్యాక్టరీ ఉంది, వాహనాల ఫ్యాక్టరీ ఉంది. మన పిల్లలు అక్కడికి దరఖాస్తులు పట్టుకుని పోతున్నారు. చాక్లెట్‌కు మూల సరుకు కోకో. ప్రపంచంలో సగానికి పైగా కోకో పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్, ఘనా దేశాల నుంచే వస్తుంది. అక్కడ పంట దెబ్బతినడంతో 2024లో టన్ను 10,000 డాలర్లు దాటింది. 2025లో మళ్లీ దిగివచ్చింది. మన దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడన. ఈ నాలుగు వాక్యాలు తెలిసి ఇంటర్వ్యూకు పోయినవాడికీ, తెలియక పోయినవాడికీ మార్కుల జాబితాలో తేడా కనబడకపోవచ్చు. కొలువులో కనబడుతుంది.

సంతకం పెట్టిన శిక్షణ

ఇంతవరకు కుర్రవాళ్ల సంగతి. ఇక మన సంగతి. రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు 2020-21లో చేరిన తరగతి నుంచి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత స్వల్పకాల శిక్షణ, ఆపైన ఒక సెమిస్టరు పొడుగునా శిక్షణ, అంతా కలిపి పది నెలలు. కాగితం మీద ఇది బంగారం వంటి ఏర్పాటు. పెద్ద కంపెనీలు లేని చిన్న పట్నాల్లో ఈ పిల్లలు పోవలసింది అంగళ్లకు, మిల్లులకు, కమీషన్ మండీలకు, ఆడిటర్ల ఆఫీసులకు.

పోయారా? ఈ విలేకరి చూసినంతలో కొందరు పోయారు. చాలామంది మాత్రం ఫారం పట్టుకుని వచ్చారు. మన వర్తకులు, "సంతకమే కదా నాయనా, ఇటు తే" అని మొదటి రోజే ఆఖరి తేదీతో సహా పెట్టి ముద్ర వేసి పంపారు. పిల్లవాడికి పని తప్పింది, వర్తకుడికి బెడద తప్పింది. ఇద్దరూ సంతోషించారు. ఏడాది తిరిగేసరికి అదే వర్తకుడు, "నమ్మకమైన గుమాస్తా దొరకడం లేదు, ఈ కాలం డిగ్రీ పిల్లలకు ఏమీ రాదు" అని ఇదే విలేకరితో వాపోతున్నాడు. ఎక్కడో ఒకచోట నేర్వాలి కదా! ఆ చోటు తన అంగడేనని, ఆ రోజు తానే తలుపు వేసి పంపానని ఆయనకు తోచలేదు.

సొంత పిల్లల సంగతీ ఇంచుమించు ఇంతే. కొడుకు బెంగళూరులో, కూతురు అమెరికాలో. అంగడి తర్వాత ఎవరు చూస్తారన్న ప్రశ్న బజారులో సగం గద్దెల మీద ఉంది. తరం మారితే మూతపడే అంగడికి వారసుడు కడుపున పుట్టినవాడే కానక్కరలేదు. అయితే ఆ వారసుడు గాలిలోంచి ఊడిపడడు.

ఒక అమ్మాయి లెక్క

సూళ్లూరుపేట చుట్టుపక్కల ఒక బియ్యం వర్తకుని అంగట్లో జరిగిన సంగతి ఇది. పేర్లు అవసరం లేదు. సరస్సు ఒడ్డు పల్లె నుంచి, చేపల వేట మీద బతికే ఇంటి నుంచి వచ్చిన బీకాం విద్యార్థిని ఫారం తెచ్చింది. ఆయన అలవాటు ప్రకారం కలం తీశాడు. "సంతకం తర్వాత పెడుదురు గాని, నన్ను కూర్చోనివ్వండి మామా" అంది. కాదనలేక మూలనున్న బల్ల చూపించాడు.

నెల రోజులు ఆమె చేసింది పాత బిల్లులు దొంతర్లు వేయడమే. ఆ తర్వాత ఒక కాగితం తెచ్చి ముందు పెట్టింది. ఆయనకు ఇద్దరు పెద్ద ఖాతాదారులు. ఒకరు సరిహద్దు అవతలివారు, కిలోకు రూపాయి లాభం ఇస్తారు, అయితే డబ్బు 60 రోజులకు వస్తుంది. రెండోవారు ఊళ్లోని హోటలు సరఫరాదారు, కిలోకు 60 పైసలే మిగులుతుంది, రొక్కం. ఇరవై ఏళ్లుగా మొదటి ఖాతాదారే ఆయనకు ముద్దు. అమ్మాయి వేసిన లెక్క ఇదీ: బియ్యం కిలో 35 రూపాయలు. ఆయన బయట తెచ్చిన సొమ్ముకు నూటికి రెండు రూపాయల వడ్డీ. రెండు నెలలకు కిలో మీద ఒక రూపాయి 40 పైసలు. అంటే రూపాయి లాభం మీద అమ్మిన ప్రతి కిలోకు 40 పైసలు ఎదురు నష్టం. 60 పైసల రొక్కం ఖాతాయే నిజమైన లాభం.

"ఇది నాకు తెలియదని కాదు" అన్నాడు ఆయన ఈ విలేకరితో. "తెలుసు. అయితే ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు. వడ్డీ ఒక పుస్తకంలో, అమ్మకం ఒక పుస్తకంలో. రెండూ పక్కపక్కన పెట్టింది ఆ పిల్లే." సరిహద్దు ఖాతాదారుకు గడువు 30 రోజులకు తగ్గించాడు. అతను కొంత గొణిగి ఒప్పుకున్నాడు. అమ్మాయి శిక్షణ ముగిశాక శ్రీసిటీలో ఒక కంపెనీ కొనుగోళ్ల విభాగంలో చేరింది. ఇంటర్వ్యూలో ఏమడిగారంటే, "అరువు బేరం గురించి అడిగారు. మామ అంగడి సంగతి చెప్పాను" అంది. వర్తకుడు మాత్రం, "పిల్లను నేనే పెట్టుకుని ఉండాల్సింది. జీతం దగ్గర వెనకాడాను" అని ఇప్పటికీ నొచ్చుకుంటున్నాడు.

ఇచ్చిపుచ్చుకోవలసినది

ఇందులో ధర్మకార్యం ఏమీ లేదు. ఇది బేరమే. 2017 జులైలో జీఎస్టీ, 2018 ఏప్రిల్‌లో ఈ-వే బిల్లు వచ్చిన తర్వాత గద్దె మీద కూర్చున్న పెద్దలకు కంప్యూటరు తెర ఒక బెడద అయింది. పిల్లలకు అది చేతిలో పని. సరుకు మచ్చు చూడడం, మనిషి మాట పట్టడం, బజారు వాలు కనిపెట్టడం పెద్దలకు చేతిలో పని. ఒకరి దగ్గర ఉన్నది మరొకరి దగ్గర లేదు. బేరానికి ఇంతకంటే మంచి అదను ఏముంటుంది?

వర్తకులకు మనవి చేసేది మూడే. ఒకటి, ఫారం తెచ్చిన పిల్లవాడిని కనీసం నెల రోజులు కూర్చోబెట్టిన తర్వాతే సంతకం చేయండి. రెండు, కాటా దగ్గర ఒక వారం, గోడౌనులో ఒక వారం, వసూళ్లకు ఒక వారం, పుస్తకాల దగ్గర ఒక వారం తిప్పండి. లాభం అంకె చూపడం ఇష్టం లేకపోతే చూపనక్కరలేదు, ఖర్చులు చూపితే చాలు. మూడు, రోజూ బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం ఇవ్వండి. తిరిగి వచ్చే పిల్లవాడు ఎవరో దాంతోనే తేలుతుంది.

ఉద్యోగార్థులకు చెప్పేదీ ఎక్కువ లేదు. ఒక నోటు పుస్తకం కొనండి. మీ ఊరి సరుకు ఒకటి ఎంచుకోండి. వడ్లు కావచ్చు, రొయ్యలు, వేరుశనగ, బెల్లం, టమాటా ఏదైనా కావచ్చు. ఆరు నెలలు రోజూ దాని ధర రాయండి. ధర కదిలిన రోజున ఎందుకు కదిలిందో ఒక్క వాక్యం రాయండి. తెలియకపోతే మండీకి పోయి అడగండి. మదనపల్లె టమాటా 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు ఊరంతా ధర గురించే మాట్లాడింది. నారు ఎప్పుడు పోశారు, తెగులు ఎక్కడ తగిలింది, ఏ రాష్ట్రాల లారీలు వచ్చి నిలబడ్డాయి అని అడిగినవారు కొద్దిమందే. అడిగినవారికే వ్యాపారం ఒంటబట్టింది. దరఖాస్తు పెట్టే కంపెనీ గురించి కూడా అయిదు ప్రశ్నలకు జవాబు రాసుకోండి: ఏం అమ్ముతుంది, ఎవరికి అమ్ముతుంది, ఏ సరుకు కొంటుంది, డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది, దాని అంగడి మూయించగల పోటీదారు ఎవరు. ఆ అయిదూ రాసుకుని పోయినవాడిని బస్సు చార్జీలిచ్చి పంపరు.

రోడ్డు పక్కన కలిసిన ముగ్గురిలో "బాడుగ ఏంది?" అన్న కుర్రాడు పది రోజుల తర్వాత ఫోన్ చేశాడు. వన్‌వెబ్ కథ చదివాడట. "అన్నా, రాకెట్టు మధ్యలో పడిపోతే సరుకు నష్టం ఎవరిది? బీమా ఎవరు కడతారు?" అని అడిగాడు. ప్రశ్న సరైనదే. సరుకు బీమా సంగతి చక్కగా తెలిసిన ట్రాన్స్‌పోర్టు పెద్దాయన ఒకరు సూళ్లూరుపేటలో ఉన్నారు. కుర్రాడిని ఆయన దగ్గరకు పంపాము. మొదటి రోజే సంతకం పెట్టి పంపవద్దని పెద్దాయనకు కూడా చెప్పాము.